నేను నమ్మిన 340

కాంపౌండ్ విల్లు కొనే నాటికి దాని గురించి నాకు తెలిసినది ఒక్క అంకె. సెకనుకు 340 అడుగులు. కేటలాగ్‌లో విల్లు బొమ్మ పక్కనే, మిగతా వివరాలన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది. గంటకు లెక్కగడితే దాదాపు 373 కిలోమీటర్లు. ఆ అంకెను నమ్మి నా డబ్బు ఒక్కటే పోగొట్టుకుని ఉంటే ఇది రాసేవాణ్ని కాదు. మా అక్క డబ్బు పోయింది. మా మేనకోడలి సీజను ఒకటి పోయింది. అంకెల మధ్య కూర్చుని జీతం తీసుకునే మనిషిని నేను. ఏ పరిస్థితుల్లో కొలిచారో తెలియకుండా ఏ కొలతనూ నమ్మొద్దని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేవాణ్ని. ఆ 340 కింద సన్నటి అక్షరాల్లో షరతు రాసే ఉంది. చదవలేదు.

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ ఆర్చరీలో మూడు బంగారు పతకాలు గెలిచింది. వ్యక్తిగతం, మహిళల జట్టు, ఓజస్ దేవ్‌తళేతో కలిసి మిక్స్‌డ్ జట్టు. టెక్సాస్‌లో మా ఇంట్లో ఆ పోటీలు చూశాను. చక్రాలున్న ఆ విల్లును అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు. కాలేజీ రోజుల్లో విజయవాడలో నాలుగేళ్లు ఉన్నాను, ఒక్కరోజూ ఆర్చరీ మైదానం వైపు వెళ్లలేదు. ఆ బాధ కూడా కలిసి, నలభై దాటాక విల్లు పట్టాలనిపించింది. టెక్సాస్‌లో ఆ కోరిక తీరడం చాలా తేలిక. వేట సామాన్లు అమ్మే ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా కాంపౌండ్ విల్లులు గోడ నిండా వేలాడుతుంటాయి.

అమెరికాలో కాంపౌండ్ ముందు వేటగాడి పనిముట్టు, తర్వాతే ఆటవస్తువు. పుట్టడం కూడా అక్కడే. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ విల్లు కొసలకు కప్పీలు బిగించి, 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1969 చివర్లో వచ్చింది. మామూలు విల్లును ఎంత లాగితే అంత బరువు పెరుగుతుంది. అలెన్ విల్లులో మధ్యలో బరువు పెరిగి, పూర్తిగా లాగేసరికి తగ్గుతుంది. గురి చూస్తూ నిలబడటానికి వీలు దొరికింది. తర్వాత గుండ్రటి కప్పీల స్థానంలో వంపులు తిరిగిన క్యామ్‌లు వచ్చాయి. అవి వచ్చాక ఒకే లాగుడులో మరింత శక్తి దాచుకోవడం సాధ్యమైంది. వేగం పెరిగింది. వేగం పెరగగానే, ఎవరిది ఎక్కువ అన్న పోటీ కంపెనీల మధ్య మొదలైంది.

పోటీ అన్నాక అందరికీ ఒకే కొలబద్ద ఉండాలి. మొదట తయారీదారుల సంఘం ఒకటి పెట్టుకుంది. ఏఎంవో అనేవారు, ఇప్పటి పేరు ఏటీఏ. 60 పౌండ్ల డ్రా వెయిట్ (లాగే బరువు), 30 అంగుళాల డ్రా లెంగ్త్ (లాగే పొడవు), 540 గ్రెయిన్ల బాణం. గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు, ఒక గ్రాముకు పదిహేనున్నర. 540 గ్రెయిన్లంటే 35 గ్రాములు. పౌండు బరువుకు 9 గ్రెయిన్ల చొప్పున వేటకు పనికొచ్చే నిండైన బాణం. ఆ లెక్కలో అంకె చిన్నగానే వచ్చేది.

తర్వాత ఇంకో కొలబద్ద వచ్చింది. ఐబీవో అనేది వేటగాళ్ల పోటీలు నడిపే సంస్థ, 1984లో మొదలైంది. చెట్ల మధ్య అక్కడక్కడా నురుగు దిమ్మెలతో చేసిన జంతు బొమ్మలు పెట్టి, దూరం చెప్పకుండా వేయమంటారు. 3డీ ఆర్చరీ అంటారు దాన్ని. అందులో ఎవరూ మరీ తేలికైన బాణం వేసి విల్లు విరగ్గొట్టుకోకుండా పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గొద్దని నియమం పెట్టారు. అది ప్రమాదం జరగకుండా గీసిన అడుగు గీత. కంపెనీలు సరిగ్గా ఆ గీత మీదే నిలబడి వేగం కొలవడం మొదలుపెట్టాయి. 70 పౌండ్లు, 30 అంగుళాలు, 350 గ్రెయిన్ల బాణం. అంటే 23 గ్రాముల లోపే. అదే విల్లుకు అంకె ఒక్కసారిగా పెరిగింది. ప్రకటనల్లో ఈ రెండో అంకే నిలిచిపోయింది. పైగా ఐబీవో లెక్కలో సడలింపులు ఉన్నాయి. డ్రా లెంగ్త్ ముప్పావు అంగుళం అటూ ఇటూ ఉండొచ్చు, బరువు 80 పౌండ్ల దాకా పెంచి దానికి తగ్గ బాణం వేయొచ్చు. ముప్పావు అంగుళం ఎక్కువ లాగితేనే ఏడెనిమిది అడుగులు కలిసొస్తాయి. ఏటీఏ ఇప్పుడు అవే 70, 30, 350లను స్థిరంగా పెట్టింది కాబట్టి దాని కింద వచ్చిన అంకెను కాస్త ఎక్కువ నమ్మొచ్చు. కేటలాగ్‌లో అంకె పక్కన ఈ రెంటిలో ఏ పేరుందో చూడటం కూడా నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

కొలిచే విల్లు కూడా మనం వాడే విల్లులా ఉండదు. నారి మీద గురి చూసే పీప్ ఉండదు, నారిని వదిలే రిలీజ్ పరికరం తగిలించే డీ లూప్ ఉండదు, చప్పుడు తగ్గించే రబ్బర్లు ఉండవు. బాణం తోక గాడి (నాక్) ఎక్కడ కూర్చోవాలో తెలిపే చిన్న బిగింపు ఒకటి ఉంటే ఉంటుంది. నారి మధ్యలో 3 గ్రెయిన్ల బరువు చేరితే దాదాపు ఒక అడుగు వేగం పోతుంది. అందుకే ఖాళీ నారి. విల్లును మనిషి లాగడు, షూటింగ్ మెషీన్‌లో బిగిస్తారు. మెషీన్‌కు చేయి వణకదు, భుజం ముందుకు జారదు. ముందు క్రోనోగ్రాఫ్ ఉంటుంది. బాణం నీడ ఒక సెన్సర్ మీద పడి, తర్వాత రెండోదాని మీద పడుతుంది. మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే వేగం. 340 అడుగుల వేగంతో వెళ్లే బాణం అడుగు దూరం దాటడానికి సెకనులో మూడు వందల నలభయ్యో వంతు పడుతుంది. ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. ఆ విల్లు, ఆ బాణం, ఆ లాగుడు ఉంటే ఆ వేగం నిజంగానే వస్తుంది.

నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. రెండు చేతులూ చాపి కొస నుంచి కొసకు కొలిచి రెండున్నరతో భాగిస్తే డ్రా లెంగ్త్ సుమారుగా తెలుస్తుంది. నాది 27 అంగుళాలు. ఇది దుకాణంలోనే కొలిచారు, విల్లును దానికే సర్ది ఇచ్చారు. 60 పౌండ్లకు పెట్టారు. బాణాలు 420 గ్రెయిన్లవి ఇచ్చారు. నేను ఇంటికి తెచ్చుకుని, కొన్ని నెలలపాటు నా బాణం 340 అడుగుల వేగంతో పోతోందనే అనుకున్నాను. స్నేహితులతో ఆ అంకే చెప్పాను. ఆ నెలల్లోనే అక్క ఫోన్ చేసింది.

మా మేనకోడలికి అప్పుడు పద్నాలుగు నిండి పదిహేను. గుంటూరులో ఉంటారు వాళ్లు. రెండేళ్లుగా అకాడమీ వాళ్ల పాత విల్లుతో వేస్తోంది. సొంత విల్లు కొనాల్సిన సమయం వచ్చింది. దిగుమతి విల్లు, సైటు, స్టెబిలైజర్లు, బాణాలు అన్నీ కలిపితే లక్షల మాట. "నువ్వు అక్కడే ఉన్నావు కదరా, మంచిది చూసి తీసుకురా, డబ్బు మేమే ఇస్తాం" అంది అక్క. కోచ్ రెండు మోడళ్ల పేర్లు రాసి ఇచ్చారు. రెండూ పొడవైన టార్గెట్ విల్లులు. కేటలాగ్ తీసి చూశాను. వేగం 315, 320 దగ్గర ఉన్నాయి. అదే ధరకు 340ది దొరుకుతుంటే వీళ్లు పాతకాలపువి ఎందుకు రాశారనుకున్నాను. బావతో ఫోన్‌లో చెప్పాను: "బావా, కోచ్ గారికి కొత్త మోడళ్ల సంగతి తెలిసి ఉండదు. నేను చూసుకుంటాను." చెప్పడమే కాదు, గట్టిగా నమ్మాను కూడా. ఆ 340దే, 50 పౌండ్ల లింబులు (వంగే కొమ్ములు) ఉన్నది ఏరి కొన్నాను. సంక్రాంతికి ఇండియా వెళ్లినప్పుడు నేనే పెట్టెలో పెట్టి తీసుకెళ్లాను. అమ్మాయి కళ్లు వెలిగిపోయాయి. "మామయ్యా, 340 అంటే మా అకాడమీలో అందరికంటే ఎక్కువ" అంది. నేను అవునన్నాను.

తిరిగొచ్చాక ఒక శనివారం రేంజ్‌లో క్రోనోగ్రాఫ్ పెట్టి ఉంటే సరదాగా వేశాను. 262 వచ్చింది. మళ్లీ వేశాను. 261. మెషీన్ చెడిందనుకున్నాను. అది సరిగానే ఉందని తేలాక, నాకు లోపమున్న విల్లు అంటగట్టారనుకున్నాను. నేరుగా దుకాణానికి వెళ్లి, కౌంటరు దగ్గర పది మంది ఉండగా, మోసం అనే మాట వాడాను. అక్కడి మెకానిక్ అరవై దాటిన మనిషి. గొంతు పెంచలేదు. కాగితం మీద రాసి చూపించాడు. కొలతలో 30 అంగుళాలు, మీవి 27. అంగుళానికి పదడుగుల చొప్పున ముప్పై పోయాయి. కొలతలో 70 పౌండ్లు, మీవి 60. పౌండుకు రెండడుగులు, ఇరవై పోయాయి. కొలతలో 350 గ్రెయిన్లు, మీ బాణం 420. మూడు గ్రెయిన్లకు ఒక అడుగు, ఇరవై మూడు పోయాయి. పీప్, డీ లూప్ కలిపి మరో అయిదు. 340లో 78 తీసేస్తే 262. లోపం ఉండి ఉంటే ఇంత కచ్చితంగా కలిసేది కాదు అన్నాడు. నేను క్షమాపణ చెప్పకుండా వచ్చేశాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

అంగుళానికి పదడుగులు ఎందుకు పోతాయో ఇంటికొచ్చాక చదువుకున్నాను. డ్రా లెంగ్త్ లెక్కలో పట్టు దగ్గరి నుంచి కొలిచినదానికి ఒకటిముప్పావు అంగుళం కలుపుతారు. అది తీసేసి, లాగనప్పుడు నారికీ పట్టుకూ మధ్య ఉండే దూరం 6 అంగుళాలు కూడా తీసేస్తే, నారి బాణాన్ని తోసే నిజమైన దూరం తేలుతుంది. 30 అంగుళాల మనిషికి 22 అంగుళాల పావు. నాకు 19 అంగుళాల పావు. నా చేతులు ఎంత పొడవో అంతే దూరం బాణాన్ని తోయగలను. డబ్బు పెట్టి కొనగలిగేది అందులో ఏమీ లేదు.

ఇక్కడితో ఆగి ఉండాల్సింది. అర్థమయ్యాక కూడా ఆగలేదు, తప్పంతా అక్కడుంది. ఆ 78 అడుగుల్లో కొన్నయినా తిరిగి తెచ్చుకోవాలనుకున్నాను. లింబు బోల్టులు బిగించి 68 పౌండ్లకు తెచ్చాను. అంత బరువు తిన్నగా లాగలేక విల్లును ఆకాశం వైపు ఎత్తి, కిందికి దించుతూ లాగేవాణ్ని. చేయి జారితే బాణం రేంజ్ దాటి ఎక్కడ పడుతుందో తెలియదు. ఏ రేంజ్‌లోనూ ఒప్పుకోని పద్ధతి అది. పక్కవాళ్లు హెచ్చరించారు. వాళ్లు లేని వేళల్లో వెళ్లాను. క్యామ్ మీది మాడ్యూల్ తిప్పి డ్రా లెంగ్త్ అంగుళం పెంచాను. తల వెనక్కి వాలింది, మోచెయ్యి బిగుసుకుని నారి దారిలోకి తిరిగింది, ముంజేయి కమిలింది. 340 గ్రెయిన్ల సన్న బాణాలు తెప్పించాను. 68 పౌండ్లకు అది సరిగ్గా అడుగు గీత. విల్లు మోగడం మొదలుపెట్టింది. బరువైన బాణం విల్లులో దాచిన శక్తిలో ఎక్కువ భాగం తీసుకుని వెళ్లిపోతుంది. తేలిక బాణం తీసుకోలేని శక్తి లింబుల్లో, క్యామ్‌లలో, నారిలో మిగిలిపోయి వాటినే కొడుతుంది. చేతిలో రాయి లేకుండా బలంగా విసిరితే భుజం గుంజుకుపోయినట్టే. అందుకే ఆ గీత దాటితే కంపెనీలు వారంటీ ఒప్పుకోవు. విల్లు అంతగా అదిరే ఆ కొలతనే ప్రకటనలో దాని వేగమని చూపిస్తున్నారన్నది అప్పుడు తట్టింది.

300 దాటింది నా బాణం. 20 గజాల్లో అరచేయంత చోట పడే బాణాలు పళ్లెమంత చోట పడటం మొదలయ్యాయి. కుడి భుజం రాత్రిళ్లు నొప్పి పెట్టింది. మా ఆవిడ "ఏమండీ, విల్లు పక్కన పెడతారా, డాక్టర్ దగ్గరికి వెళ్దామా" అని అడిగితే రెండూ వద్దన్నాను. చివరికి రెండూ చేయాల్సి వచ్చింది.

ఆ విరామంలో కాగితం పెన్సిల్ పట్టుకుని, ఇంత వేగం దేనికి అన్నది మొదటిసారి లెక్కేశాను. 40 గజాలనుకుని వేశాను, లక్ష్యం నిజానికి 43 గజాల్లో ఉంది. గాలి నిరోధం పక్కన పెడితే, 262 అడుగుల బాణం దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. 295 అడుగులదైతే ఆరున్నర. తేడా రెండు సెంటీమీటర్ల లోపే. 3డీ పోటీలో, దూరం కంటితో అంచనా వేయాల్సిన చోట, ఆ తేడా కొందరికి పతకం కావచ్చు. ఆ ఆట ఆడేవాళ్లు వేగం కోరుకోవడంలో న్యాయముంది. దూరం తెలిసిన చోట సైటును ఆ దూరానికి సర్దుకుంటే ఈ తేడా దాదాపు ఉండదు. గాలి వీచినప్పుడు వేగమైన బాణానికి కాస్త మేలు, అంతే.

దూరం తెలిసిన చోట అని రాసుకుంటుండగా మేనకోడలు గుర్తొచ్చింది. తను వేసేది 50 మీటర్లు. ఆరుబయటి టార్గెట్ పోటీల్లో ప్రపంచమంతా కాంపౌండ్‌కు అదే దూరం. 72 బాణాలు, పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. అడుగు కూడా మారని దూరానికి, దూరం తెలియని ఆట కోసం చేసిన విల్లు కొనిచ్చాను. అంతర్జాతీయ నియమాల ప్రకారం అక్కడ 60 పౌండ్లు దాటడానికే వీల్లేదు. అంటే కేటలాగ్‌లోని 70 పౌండ్ల అంకె ఆ మైదానంలో ఎవరికీ వర్తించదు. మన దేశంలో వేట నిషేధం కాబట్టి ఆ ప్రకటన ఉద్దేశించిన మనిషే అక్కడ లేడు. మెకానిక్ చూపిన లెక్కే తనకూ వేసి చూశాను. తన డ్రా లెంగ్త్ ఇరవై అయిదున్నర, లాగేది 44 పౌండ్లు. 340లో నలభై అయిదు, ఆపైన యాభై రెండు తీసేస్తే 243. పీప్, లూప్ కూడా తీస్తే 240 లోపే. కోచ్ రాసిన విల్లుకు ఇదే లెక్క వేస్తే 220 దగ్గర. ఆ ఇరవై అడుగుల కోసం వదులుకున్నది ఏమిటి?

ఫోన్ చేశాను. అక్క మొదట చెప్పలేదు. నేను బాధపడతానని దాచిందట. ఆ విల్లు మాడ్యూల్స్ ఇరవై ఆరున్నరకు తగ్గవు. అంటే పిల్ల ఒక అంగుళం ఎక్కువ లాగుతోంది. నేను నా మీద చేసుకున్నదే, తన మీద ఆర్నెల్లుగా జరుగుతోంది. వేగం కోసం చేసిన క్యామ్‌లు లాగడం మొదలెట్టగానే పూర్తి బరువుకు ఎక్కేస్తాయి, చివర్లో చటుక్కున జారతాయి, పూర్తిగా లాగాక వేలెడంత సడలినా ముందుకు గుంజేస్తాయి. 72 బాణాలు వేసేసరికి పిల్ల చేయి వణుకుతోంది. విల్లు పొట్టిది, పైగా నారికీ పట్టుకూ దూరం తక్కువది. వదిలాక కూడా బాణం ఎక్కువ సేపు నారితోనే ఉంటుంది కాబట్టి చేతిలో ఏ చిన్న కదలిక ఉన్నా దాని మీద పడుతుంది. పాత అకాడమీ విల్లుతో వేసిన స్కోరు కూడా రావడం లేదు. రాష్ట్ర ఎంపిక పోటీలకు కోచ్ ఈసారి వద్దన్నారు. "మామయ్య తెచ్చిన విల్లు మంచిదే, నాకే రావట్లేదు" అని ఏడ్చిందట. ఆ మాట అక్క చెప్పినప్పుడు నేను ఫోన్ పట్టుకుని ఏమీ మాట్లాడలేకపోయాను.

కోచ్‌తో మాట్లాడాను. ఆయన మాటను తీసిపారేసిన మనిషిని నేను. ఆయన ఒక్క మాటా అనలేదు, "ఆ సైజుకు ఆ విల్లు కాదండీ" అన్నారు అంతే. ఆయన రాసిన మోడళ్లు పొడవైనవి, నిలకడగా ఉండేవి, ఇరవై నాలుగు అంగుళాల దాకా తగ్గేవి, చివర్లో గట్టి గోడకు ఆనినట్టు ఆగేవి. కేటలాగ్‌లో ఇవన్నీ ఉన్నాయి. వేగం కింద, చిన్న అక్షరాల్లో.

తప్పు నాదే. తయారీదారులను ఒక మాట మాత్రం అడగాలని ఉంది. మీ దగ్గర షూటింగ్ మెషీన్ ఉంది, క్రోనోగ్రాఫ్ ఉంది, ఒకే విల్లును 26, 27, 28 అంగుళాల్లో, 45, 50, 60 పౌండ్లలో, నిండు బాణంతో, పీప్ కట్టి కొలవడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఆ పట్టికను 340కి ఇచ్చినంత పెద్ద అక్షరాల్లో వేయండి. 30 అంగుళాలు లాగాలంటే మనిషి చేతులు కొస నుంచి కొసకు 75 అంగుళాలుండాలి, ఆరడుగుల పైచిలుకు. మా ఊళ్లలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? విల్లులను ఒకదానితో ఒకటి పోల్చడానికి అందరికీ ఒకే కొలత కావాలి, ఒప్పుకుంటాను. కొనే మనిషి ఆ అంకెను తన బాణం వేగంగానే చదువుకుంటాడని ప్రకటన రాసేవాళ్లకు తెలుసు. తెలిసీ అలాగే వేస్తున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీ చేరింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకెందరో తల్లిదండ్రులు అప్పు చేసి విల్లు కొనబోతున్నారు. అమెరికాలో ఒక తమ్ముడో బావమరిదో ఉంటే అతనికే ఫోన్ చేస్తారు. అతను నాలాంటివాడు కాకూడదని కోరుకుంటున్నాను. ఫోన్ వస్తే ముందు పిల్ల చేతుల కొలత అడగాలి, కోచ్ ఏం రాశారో అడగాలి.

దుకాణానికి తిరిగి వెళ్లి ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. నా విల్లును 27 అంగుళాలకు, 55 పౌండ్లకు తెప్పించుకున్నాను. వేగం అడగలేదు. గుంటూరులోని విల్లును నష్టానికి అమ్మేశారు. కోచ్ చెప్పినది కొనిచ్చాను. తేడా డబ్బు నేను ఇస్తానంటే అక్క ఒప్పుకోలేదు, బావ అసలు ఆ మాటే ఎత్తనివ్వలేదు. మేనకోడలు మాత్రం బాణాలు నన్నే పంపమంది. కోచ్ చేత్తో రాసిన చీటీ ఫొటో తీసి పంపింది. బాణం పొడవు, స్పైన్ (బిగువు), ముందు మొన బరువు, మొత్తం 320 గ్రెయిన్లు. ఉన్నది ఉన్నట్టు ఆర్డర్ పెట్టాను.